తిత్లీ రాత్రి, రెండు పిక్సెళ్ల తేడా: ఒక వాతావరణ ఉపగ్రహ ఇంజినీరు కేస్ స్టడీ

వాతావరణ ఉపగ్రహం తీసిన ఫొటో టీవీలో వస్తే అందరూ మేఘాన్ని చూస్తారు, నేను మాత్రం ముందు తీరం గీత చూస్తాను. తెల్లటి మేఘాల మీద సన్నగా ఒక గీత ఉంటుంది కదా, ఇది విశాఖ, ఇది కళింగపట్నం, ఇది గోపాల్‌పూర్ అని మనకి తెలిసేది దాని వల్లే. ఉపగ్రహం తీసిన ఫొటోలో ఆ గీత ఉండదు. కింద కూర్చున్న మాలాంటివాళ్లం దాన్ని తర్వాత జతచేస్తాం. ఫొటోలోని ప్రతి చుక్కా (పిక్సెల్) భూమి మీద ఏ అక్షాంశం, ఏ రేఖాంశం దగ్గర పడుతుందో తేల్చి ఆ గీతని సరైన చోట పెట్టడం, చేరినప్పటి నుంచీ నా ఉద్యోగం ఇదే. మేము ఇమేజ్ నావిగేషన్ అంటాం.

ఈ కేస్ 2018 అక్టోబర్ 10 రాత్రిది. దసరా నవరాత్రుల మొదటి రోజు. తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా మీదికి వస్తోంది. మా ఊరు సోంపేట మండలంలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపు. నేను ఊరికి చాలా దూరంలో, స్క్రీన్ ముందు నైట్ షిఫ్టులో ఉన్నాను. ఆ రాత్రి ఏం తప్పు జరగబోయింది, దాన్ని ఎవరు పట్టుకున్నారు, తర్వాత ఊళ్లో పడిపోయిన కొబ్బరిచెట్లతో దాన్ని ఎలా సరిచూసుకున్నాను అన్నది మొత్తం రాస్తున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల పిల్లలు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు, "సార్, ఉపగ్రహం పైకెళ్లిపోయాక ఇంజినీర్‌కి ఇంకేం పనుంటుంది?" అని. అసలు పని అప్పుడే మొదలవుతుందమ్మా అంటాను, కానీ రెండు నిమిషాల్లో చెప్పి ఒప్పించలేకపోతాను. అందుకే ఇంత వివరంగా రాయడం.

ఈ పనిలోకి ఎలా వచ్చాను

1999 అక్టోబర్ 29న సూపర్ సైక్లోన్ ఒడిశాలో పారాదీప్ దగ్గర తీరం దాటినప్పుడు నేను విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. పేపర్లో ఉపగ్రహ ఫొటో వేశారు, నలుపూ తెలుపూ, అరచేతి అంత. అందులో మా ఊరు ఎక్కడుంటుందా అని స్కేలు పెట్టి వెతికాను. చిలికా సరస్సు దొరికితే అక్కడి నుంచి కిందికి కొలుచుకుంటూ రావచ్చు అనుకున్నాను, కానీ చిలికా మేఘం కింద ఉండిపోయింది. హాస్టల్ గదిలో ఆ పేపరు ముక్క పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు తట్టిన ప్రశ్న, అంటే గుర్తుపట్టాల్సిన చోటే మేఘం కప్పేస్తే మరి గుర్తుపట్టేది ఎలా అన్న ప్రశ్న, పంతొమ్మిదేళ్ల తర్వాత తిత్లీ రాత్రి మళ్లీ నా ముందుకొచ్చింది.

ఉద్యోగంలో చేరాక మొదట చూసింది కల్పన-1 ఫొటోలు. 2002 సెప్టెంబర్ 12న పీఎస్ఎల్‌వీ-సీ4 మీద వెళ్లింది, అప్పటికి దాని పేరు మెట్‌శాట్. 2003 ఫిబ్రవరిలో కల్పనా చావ్లా చనిపోయాక ఆమె పేరు పెట్టారు. మన దేశం వాతావరణం కోసమే ప్రత్యేకంగా పంపిన మొదటి ఉపగ్రహం అది. రాత్రిపూట పనికొచ్చే థర్మల్ ఫొటోలో ఒక్కో చుక్క 8 కిలోమీటర్లు. 2013 జూలైలో ఇన్శాట్-3డీ, 2016 సెప్టెంబర్‌లో ఇన్శాట్-3డీఆర్ వచ్చాక థర్మల్ చుక్క 4 కిలోమీటర్లకి తగ్గింది, పగటి ఫొటోలో కిలోమీటరే. ఆరు చానెళ్ల ఇమేజర్, కిందినుంచి పైదాకా గాలిలో వేడీ తేమా ఎలా మారుతున్నాయో కొలిచే 19 చానెళ్ల సౌండర్. ఇమేజర్ ఒక పూర్తి గుండ్రం ఫొటో తీయడానికి 26 నిమిషాలు పడుతుంది. ఒక అద్దం అటూ ఇటూ ఊగుతూ భూమిని పొలం దున్నినట్టు వరసలు వరసలుగా చూసుకుంటూ వస్తుంది. ఈ వరసల సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే తిరుగుతుంది.

4 కిలోమీటర్ల చుక్క అంటే పదహారు చదరపు కిలోమీటర్లు, దాదాపు నాలుగు వేల ఎకరాలు. మా ఊరు, పక్క ఊరు, రెండు ఊళ్ల తోటలు, మధ్యలో చెరువు, అన్నీ కలిపి ఒక్క చుక్క.

35,786 కిలోమీటర్ల నుంచి గురి

భూమితో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటు పైన ఉండే దారి, అంటే భూస్థిర కక్ష్య, భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి చూసే కన్ను కాస్త పక్కకి వాలితే కింద ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. ఒక డిగ్రీని అరవై భాగాలు చేసి అందులో ఒక్క భాగం వాలితే నేల మీద 10 కిలోమీటర్లు. ఆ భాగాన్ని మళ్లీ అరవై చేస్తే, అంటే డిగ్రీలో 3,600వ వంతు వాలితే 173 మీటర్లు. అంత సన్నటి గురిని పగలూ రాత్రీ నిలబెట్టాలి, అదీ ఒక వైపు ఎండకి కాలుతూ, రెండో వైపు చలికి గడ్డకడుతూ ఉండే పెట్టెతో. లోహం వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అద్దం బిగించిన చట్రం వెంట్రుకవాసి సాగినా ఫొటోలో తీరం జరుగుతుంది.

అందుకే ప్రతి ఫొటోకీ ల్యాండ్‌మార్కులతో సరిచూస్తాం. శ్రీలంక కొస, కచ్ అఖాతం, ముంబై తీరం, చిలికా, ఇలా మారని ఆకారాలు పదులకొద్దీ ఉంటాయి. రాత్రి చీకట్లో తీరం ఎలా కనబడుతుందని అడుగుతారు. థర్మల్ చానెల్ వెలుతురుని కాదు, వేడిని చూస్తుంది. రాత్రి నేల చల్లబడిపోతుంది, సముద్రం వెచ్చగానే ఉంటుంది, ఆ రెంటి మధ్య గీతే తీరం. సాఫ్ట్‌వేర్ ఆ గీతని పట్టుకుని, ఉండాల్సిన చోటుతో పోల్చి, ఇంత జరపాలి అని చెబుతుంది. షిఫ్టులో ఉన్న ఇంజినీరు చూసి ఓకే చేస్తాడు.

ఏడాదిలో రెండు కాలాలు మాకు గడ్డు కాలాలు. మార్చి, సెప్టెంబర్ విషువత్తులకి, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులకి, అటూ ఇటూ మూడేసి వారాలు, ప్రతి అర్ధరాత్రీ ఉపగ్రహం భూమి నీడలోకి వెళుతుంది. విషువత్తు రోజున ఆ గ్రహణం 70 నిమిషాల వరకూ ఉంటుంది, అక్టోబర్ 10 నాటికి ముప్పావు గంటకి తగ్గుతుంది. ఆ సేపు ఎండ ఉండదు, బ్యాటరీ మీద నడుస్తుంది, చట్రం గబగబా చల్లబడుతుంది. నీడలోకి వెళ్లే ముందూ బయటికొచ్చాకా ఇంకో తిప్పలుంది. సూర్యుడు భూమి అంచు పక్కనే కనబడుతూ ఉంటాడు, ఉపగ్రహం కన్నేమో భూమి వైపే చూస్తూ ఉంటుంది, ఎండ పక్కనుంచి లోపలికి దూరి థర్మల్ ఫొటోల్ని పాడుచేస్తుంది. మన రేఖాంశానికి దగ్గర్లో ఉండే ఉపగ్రహానికి ఇదంతా మన గడియారం ప్రకారం రాత్రి పదకొండు దాటినప్పటి నుంచి ఒంటిగంట లోపు జరుగుతుంది. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు వచ్చే నెలల్లో అక్టోబర్ కూడా ఒకటి. 2013 ఫైలిన్ అక్టోబర్ 12, 2014 హుద్‌హుద్ అక్టోబర్ 12, తిత్లీ అక్టోబర్ 11. మా గ్రహణాల కాలం అక్టోబర్ సగం దాకా ఉంటుంది. ప్రతి ఏడూ ఈ రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే ఆ నెలలో సెలవు అడగడానికి ఈ రోజుకీ నాకు మనసు రాదు.

ఆ రాత్రి

సాయంత్రం ఏడింటికి అమ్మ ఫోన్ చేసింది. గాలి ఇంకా పెద్దగా లేదంట, కానీ సముద్రం హోరు ఇంటిదాకా వినబడుతోందంట.

"ఒరే, నీకు ముందే తెలుస్తాది కదా. మన మీదికొస్తాదేటి, కవిటి మీదికెళ్తాదేటి?"

నా ఎదురుగా స్క్రీన్ మీద తుపాను ఉంది. దాని కన్ను, అంటే మధ్యలో ఉండే గుండ్రటి ఖాళీ, కనిపిస్తూ, మళ్లీ మేఘం కప్పేస్తూ ఉంది. నాకు ఒక అంచనా ఉంది కూడా. కానీ చెప్పలేదు. అంచనా చెప్పాల్సింది వాతావరణ శాఖ, రాడార్లూ ఓడలూ సముద్రంలో తేలే బోయ పరికరాలూ కంప్యూటర్ మోడళ్లూ అన్నీ కలిపి చూసి చెబుతారు. నా దగ్గర ఉన్నది ఒక్క ఫొటో. నేను "కవిటి వైపు" అంటే అది నిమిషాల్లో ఊరంతా పాకుతుంది, ఉపగ్రహం ఇంజినీరు చెప్పాడని కొందరు ఇంట్లోనే ఉండిపోతారు.

"అమ్మా, ఎక్కడికొచ్చినా గాలి మనల్ని వదలదు. పెదనాన్న వాళ్లని తీసుకుని స్కూలు బిల్డింగుకి ఎల్లిపో. ఇప్పుడే ఎల్లు, భోజనం అక్కడే తినొచ్చు" అన్నాను. వెళ్లింది. పెదనాన్న మాత్రం ఆవుల్ని విప్పి వదిలేదాకా కదల్లేదంట.

పదకొండు దాటాక ఎండ దూరడం మొదలై ఫొటోలు పాడయ్యాయి, అది ఎదురుచూసిందే. గ్రహణం అయింది. అర్ధరాత్రి దాటాక వచ్చిన మొదటి మంచి ఫ్రేమ్ మీద సాఫ్ట్‌వేర్ ఒక సవరణ చెప్పింది. ఫొటో మొత్తాన్ని రెండు పిక్సెళ్లు, అంటే 8 కిలోమీటర్లు, దక్షిణానికి జరపాలని. మామూలు రోజుల్లో సవరణ అర పిక్సెల్ దాటదు. రెండు అంటే పెద్దది. కానీ గ్రహణం నుంచి అప్పుడే బయటికొచ్చింది, చట్రం చల్లబడి మళ్లీ వేడెక్కుతోంది, రెండు పిక్సెళ్లు వాలి ఉండొచ్చు కదా అనిపించింది. నమ్మడానికి ఒక కారణం దొరికింది.

రెండో కారణం ఇంకా బలమైనది. పక్క స్క్రీన్‌లో విశాఖ రాడార్ చెప్పిన తుపాను కేంద్రం ఉంది. సవరణ చేయకముందు మా ఫొటోలో కన్ను, రాడార్ చెప్పిన చోటుకి ఆరు కిలోమీటర్లు ఉత్తరంగా ఉంది. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు 8 కిలోమీటర్లు దక్షిణానికి జరిపితే తేడా రెండు కిలోమీటర్లకి తగ్గిపోతోంది. రాడార్‌తో కలుస్తోంది కదా, ఇంకేం కావాలి? ఓకే నొక్కడానికి మౌస్ మీద చెయ్యి పెట్టేశాను.

నా పక్కన షిఫ్టులో ఒక అమ్మాయి ఉంది, బొబ్బిలి అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు. ఆమె చూస్తున్నది సవరణని కాదు. ఒక్కో ల్యాండ్‌మార్కు విడివిడిగా ఎంత జరిగిందని చెబుతోందో ఆ పట్టికని చూస్తోంది. ఆ రాత్రి పట్టికలో చాలా గడులు ఖాళీ. బంగాళాఖాతం తీరమంతా తిత్లీ కప్పేసింది, అరేబియా సముద్రంలో అదే సమయానికి లుబాన్ అనే ఇంకో తుపాను ఒమన్, యెమెన్ వైపు పోతోంది, అటువైపూ మేఘమే. మిగిలినవి కొన్నే. వాటిలో ఉత్తరాంధ్ర తీరం ఒక్కటే చాలా బాగా కలిసింది అని పెద్ద మార్కు వేసుకుని కూర్చుంది, రెండు పిక్సెళ్లు జరిగానంటోంది.

"సార్, ముంబై, పలాస ఒకే వరసలో ఉంటాయి కదా" అంది.

ఉంటాయి. ముంబై 19 డిగ్రీల దగ్గర, పలాస కూడా దాదాపు అంతే. అద్దం ఊగేటప్పుడు ఒకే ఊపులో రెంటినీ చూస్తుంది.

"ముంబై కదల్లేదు సార్. సున్నా చూపిస్తోంది. అద్దం ముంబై మీదుగా మన మీదికి వచ్చేలోపు ఏం మారిపోతుంది? మరి మన తీరం ఒక్కటే ఎలా కదిలింది?"

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది, ఏసీ చప్పుడు, ఆమె వేలు పెట్టి చూపిస్తున్న ఆ సున్నా.

ఫొటో మొత్తం ఒక్క అద్దం నుంచి వచ్చింది. వాలితే అన్నీ వాలాలి. ఒక్క తీరమే జరిగిందంటే అది తీరం కాదు. ఫ్రేమ్‌ని పెద్దది చేసి చూశాం. తిత్లీ బయటి మేఘాల పట్టీ ఒకటి మన తీరం లాగే నైరుతి నుంచి ఈశాన్యానికి సాఫీగా సాగింది. ఒక పక్క చల్లటి మేఘం, ఇంకో పక్క వెచ్చటి సముద్రం. సాఫ్ట్‌వేర్‌కి కావాల్సింది చల్లటి వైపు, వెచ్చటి వైపు, మధ్యలో గీత. మేఘం అంచునే తీరం అనుకుంది. మేఘం ఉన్న ల్యాండ్‌మార్కుల్ని తీసేసే పరీక్ష ఒకటి ఉంటుంది, గ్రహణం తర్వాత వేడి కొలతలు కాస్త తేడాగా ఉండటంతో అది ఆ పరీక్ష దాటేసింది. ఆ ల్యాండ్‌మార్కుని తీసేసి మళ్లీ లెక్కేస్తే సవరణ అర పిక్సెల్ కూడా రాలేదు. ఫ్రేమ్ మామూలుకంటే ఆరు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది.

మరి రాడార్‌తో తేడా ఎందుకు వచ్చింది

ఈ కేస్‌లో అందరికంటే ముందు నేను నేర్చుకోవాల్సింది ఇదే, అందుకే కాస్త ఆగి చెబుతాను.

ఉపగ్రహం భూమధ్యరేఖ మీద ఉంటుంది, మనం 18, 19 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. అది మనల్ని నిటారుగా పైనుంచి చూడదు, దక్షిణం నుంచి ఏటవాలుగా చూస్తుంది. మీ వీధిలో కొబ్బరిచెట్టుకి దక్షిణాన నిలబడి దాని మొవ్వు వైపు చూస్తే వెనకాల ఉత్తరాన ఉన్న ఇంటి గోడ మీద మొవ్వు ఆనినట్టు కనబడుతుంది, మొదలు మాత్రం ఇక్కడే ఉంటుంది. తుపాను మేఘాల తలలు పదిహేను పదహారు కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మన దగ్గర ఆ ఏటవాలుకి లెక్కేస్తే అవి ఉన్న చోటుకంటే దాదాపు ఆరు కిలోమీటర్లు ఉత్తరంగా కనబడతాయి. దీన్ని పారలాక్స్ అంటారు. రాడార్ నేల మీంచి పక్కకి చూస్తుంది, దానికి ఈ బాధ లేదు.

అంటే సవరణ చేయకముందు కనబడిన ఆరు కిలోమీటర్ల తేడా తప్పు కాదు, ఉండాల్సిన తేడా. సాఫ్ట్‌వేర్ తప్పుగా 8 కిలోమీటర్లు దక్షిణానికి జరపబోతే ఆ రెండూ ఒకదాన్నొకటి మింగేసి రాడార్‌తో కలిసినట్టు కనబడింది. పారలాక్స్ గురించి నాకు తెలియక కాదు, కొత్తగా చేరినవాళ్లకి క్లాసులు చెప్పేదే నేను. కానీ అర్ధరాత్రి, ఇంటిమీదికి తుపాను వస్తుండగా, నా కళ్లు కలిసే అంకెల్నే వెతికాయి. ఆ రోజు నుంచి రెండు కొలతలు మరీ చక్కగా కలిస్తే ఎందుకు కలిశాయో చెప్పగలిగేదాకా ఓకే చేయను.

ఆ ఫ్రేమ్ వెళ్లిపోయి ఉంటే నష్టం ఎంత? ఫొటోని వాడేవాళ్లు పారలాక్స్‌ని విడిగా తీసేస్తారు. అప్పుడు తుపాను అసలు చోటుకి 8 కిలోమీటర్లు దక్షిణాన పడేది. మన తీరం ఏటవాలుగా ఉంది కాబట్టి ఆ 8 కిలోమీటర్లని తీరం వెంబడి చూస్తే కళింగపట్నం వైపుగా ఆరు కిలోమీటర్లు, సముద్రం వైపుకి ఇంకో ఆరు. గంటకి పదీ పన్నెండు కిలోమీటర్ల వేగంతో వచ్చే తుపానుకి అది అరగంట ఆలస్యం. పైగా ఒక ఫ్రేమ్ సవరణ తర్వాతి ఫ్రేమ్‌కి మొదలు అవుతుంది, తప్పు పాకుతుంది. తీరానికి అంత దగ్గరకొచ్చాక రాడారే పెద్ద దిక్కు, మా ఒక్క ఫొటో వల్ల హెచ్చరికలు తారుమారయ్యేవి కావు. కానీ హుద్‌హుద్ రోజున తీరం దాటే సమయంలోనే విశాఖ రాడార్ దెబ్బతింది. అలాంటి రోజున చేతిలో మిగిలేది ఉపగ్రహమే.

చెట్లతో సరిచూడటం

తిత్లీ 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు. అమ్మ వాళ్ల ఫోన్లు రెండు రోజులు కలవలేదు. మూడో రోజు ఎవరిదో ఫోన్ నుంచి అమ్మ మాట్లాడింది, "అందరం బాగున్నాం రా, తోటే లేదు" అంది. ఒడిశా వైపు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి చాలామంది పోయారని తర్వాత తెలిసింది. తుపాను తీరం దాటాక కొండలకి తగిలి కుమ్మరించిన వాన అది. వంశధార, మహేంద్రతనయ పొంగిపోయాయి.

ఐదో రోజుకి ఊరు చేరాను. మా ప్రాంతం పేరు ఉద్దానం, అంటే ఉద్యానవనం అంటారు, చిన్నప్పటి నుంచి ఆ పేరుకి తగ్గట్టే చూశాను, కొబ్బరి, జీడి, పనస, మామిడి, ఎండ నేలకి తగలకుండా. ఆ రోజు బస్సు దిగితే మా వీధి చివర నుంచి సముద్రం కనబడింది. ఎప్పుడూ కనబడేది కాదు. పెదనాన్న తోటలో అరవై కొబ్బరిచెట్లలో నిలబడినవి తొమ్మిది. ఆయన ఏడవలేదు. పడిన చెట్టు మీద కూర్చుని ఇంకో పడిన చెట్టుని చూస్తున్నారు.

"ఒరే నానా, ఆకాశంలోంచి తీస్తారు కదా, మన తోట కనబడిందేటి?"

ఊరంతా కలిపి ఒక్క చుక్క పెదనాన్నా అని చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

అక్కడ నిలబడి ఉన్నప్పుడే గమనించాను, మా తోటలో చెట్లన్నీ తలలు ఒకే వైపు పెట్టి పడ్డాయి, మహేంద్రగిరి కొండల వైపు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకి ఎదురు తిరుగుతుంది. తిత్లీ వాయవ్యంగా వచ్చింది. దాని దారికి కుడివైపు, అంటే మా సోంపేట, కవిటి వైపు, గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, చెట్ల తలలు కొండ వైపు పడతాయి. ఎడమవైపు, టెక్కలి, సంతబొమ్మాళి వైపు, గాలి నేల మీంచి సముద్రానికి కొడుతుంది, తలలు సముద్రం వైపు. సరిగ్గా కన్ను పోయిన దారిలో గాలి మొదట ఈశాన్యం నుంచి వస్తుంది, మధ్యలో ఆగుతుంది, తర్వాత నైరుతి నుంచి వస్తుంది. అక్కడ చెట్లు రెండు దిక్కులా పడి ఉండాలి.

మా తమ్ముడి బండి మీద, చేతిలో దిక్సూచి పట్టుకుని, మూడు రోజులు తిరిగాను. అన్ని చెట్లూ పనికిరావు. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు దిక్కు చెప్పదు, వేర్లతో లేచి పడినదే చెబుతుంది. జీడిచెట్టు వేర్లు ఎక్కువ లోతుకి పోవు, మొదటి గాలికే పడిపోతుంది, కాబట్టి అది మొదటి గాలి దిక్కే చెబుతుంది. కొబ్బరి చాలాసేపు పట్టుకుంటుంది, రెండో గాలికి పడుతుంది. కరెంటు స్తంభాల్ని అసలు లెక్కలోకి తీసుకోలేదు, వైర్లు ఎటు లాగితే అటు వాలతాయి. ఇంటి చాటున ఉన్నవీ వదిలేశాను. వజ్రపుకొత్తూరు మండలంలో ఒక తోటలో జీడిచెట్లు నైరుతి వైపు, వాటి మీద అడ్డంగా కొబ్బరిచెట్లు ఈశాన్యం వైపు పడి ఉండటం చూశాను, కింద ఒక గాలి, పైన ఇంకో గాలి. ఆ తోట రైతు, "మధ్యలో కాసేపు గాలి ఆగిపోయింది బాబూ, అయిపోయిందనుకుని తలుపు తీసినాం, అప్పుడొచ్చింది రెండో వైపు నుంచి" అన్నాడు. నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే నా చెయ్యి ఆగలేదు గానీ గొంతు మాత్రం పట్టేసింది.

చెట్లతో కిలోమీటరు దాకా లెక్క తేలదు, రెండు దిక్కులా పడిన పట్టీయే పది కిలోమీటర్ల పైన వెడల్పు ఉంది. దాని మధ్య గీసిన గీత, మేము సరిచేసిన ఫ్రేముల నుంచి పారలాక్స్ తీసేసి గీసిన దారికి తీరం దగ్గర మూడు కిలోమీటర్ల లోపు వచ్చింది. ఆ రాత్రి తప్పుడు సవరణ చేసి ఉంటే వచ్చే దారికి తొమ్మిది కిలోమీటర్లు దూరం. బొబ్బిలి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "చెట్లు కూడా ముంబై మాటే చెప్పాయా సార్" అంది.

తర్వాత ఏం మార్చాం

ఆఫీసుకి తిరిగొచ్చాక రిపోర్టు రాశాం, ముందు ఆమె పేరు, తర్వాత నా పేరు. రెండు మార్పులు అడిగాం. ఏ ల్యాండ్‌మార్కైనా తన వరసలోనే ఉన్న మిగతావాటితో కలవకపోతే, దాని మార్కు ఎంత పెద్దదైనా సరే, తీసేయాలి. తుపాను కేంద్రం చుట్టూ కొన్ని వందల కిలోమీటర్లలో ఉన్న తీరాల్ని ఆ రోజులకి అసలు లెక్కలోకే తీసుకోకూడదు. రెండోదానికి మీటింగులో అభ్యంతరం వచ్చింది, ఎక్కడ కచ్చితత్వం కావాలో అక్కడి ల్యాండ్‌మార్కుల్నే తీసేస్తే ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ గురి అనేది ఫొటో మొత్తానిది. శ్రీలంక కొస, ముంబై సరిగ్గా ఉంటే మధ్యలో మేఘం కింద ఉన్న సోంపేట కూడా సరిగ్గానే ఉంటుంది. మనకి కనబడని చోటుని కనబడే చోట్లతో నిలబెట్టాలి. రెండూ ఒప్పుకున్నారు, అమలుకి కొన్ని నెలలు పట్టింది.

2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అదీ గ్రహణాల కాలమే, అయితే సాయంత్రం నుంచే తీరం దాటడం మొదలైంది కాబట్టి అర్ధరాత్రి ఎండ బాధ మాకు పెద్దగా తగల్లేదు. ఆ రోజు షిఫ్టు ఇంచార్జి బొబ్బిలి అమ్మాయి. నేను ఇంటి నుంచి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, మన తీరం పట్టికలో లేదు సార్, సాఫ్ట్‌వేరే తీసేసింది, మిగతావన్నీ పావు పిక్సెల్ లోపు ఉన్నాయి అని చెప్పి పెట్టేసింది. ఇప్పుడు ఇన్శాట్-3డీఎస్ కూడా ఉంది, 2024 ఫిబ్రవరి 17న వెళ్లింది. కొత్తగా చేరినవాళ్లకి దాని ఫొటోల మీద పాఠం చెబుతూ మొదటి రోజే ఆ పాత పట్టిక చూపిస్తాను, ముంబై ఎదురుగా సున్నా, ఉత్తరాంధ్ర ఎదురుగా రెండు. ఏది నమ్ముతారో చెప్పమంటాను. చాలామంది రాడార్ ఎక్కడుందో చూపించమంటారు.

పెదనాన్న 2019 వానాకాలంలో మళ్లీ మొక్కలు పెట్టారు. కొబ్బరి కాపుకి రావాలంటే ఐదారేళ్లు ఆగాలి, డెబ్భై దాటిన మనిషి. పడిపోయిన చెట్లలో ఒకటి పూర్తిగా పడలేదు, సగం వేర్లు నేలలోనే ఉన్నాయి, నరికించేద్దామంటే, "దాన్ని ఒగ్గీరా, బతుకుతాది" అన్నారు. బతికింది. మొదలు నేల మీద పడుకున్నట్టే ఉండి, అక్కడి నుంచి వంపు తిరిగి పైకి లేచింది, గెలలు వేస్తోంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు దాని మొదలు పక్కన ఫోన్ దిక్సూచి పెట్టి చూశాను. 310 డిగ్రీలు, వాయవ్యం. నోట్‌బుక్‌లో 2018 అక్టోబర్ పేజీ తీస్తే ఆ చెట్టు ఎదురుగా అదే అంకె ఉంది.